తూటా ఎంపికలో రెండు లెక్కలు

సైన్యానికి కొత్త రైఫిల్ కొన్నప్పుడల్లా మన దేశంలో చర్చ ఒకేలా మొదలవుతుంది. ఎంత దూరం కొడుతుంది? తగిలినవాడు మళ్లీ లేస్తాడా, లేవడా? 2019లో అమెరికా సిగ్-716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరినప్పుడూ, 2021లో రష్యాతో ఏకే-203పై సంతకాలైనప్పుడూ వినిపించిన ప్రశ్నలు ఇవే. ఇవి అక్కర్లేని ప్రశ్నలని అనను. కానీ ఇవి వేటగాడు అడిగే ప్రశ్నలు. సైన్యం అడగాల్సింది మరొకటి ఉంది. ఈ తూటాను మన జవాను ఏడాదికి ఎన్నిసార్లు కాల్చి సాధన చేయగలడు? మొదటి ప్రశ్నకు దొరికిన ప్రాధాన్యం ఈ రెండోదానికి దొరకడం లేదు. పదాతి దళంలో మూడు దశాబ్దాలు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, రైఫిళ్ల విషయంలో మన అసలు లోటు ఇక్కడే ఉంది.

ఒకేలా కనిపించేవి ఒకటి కావు

వాడుకలో తూటా, బుల్లెట్ ఒకటే. తుపాకీ పట్టినవారికి కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్... ఈ నాలుగూ కలిస్తే తూటా. గాలిలో దూసుకెళ్లేది బుల్లెట్ మాత్రమే. అందుకే 'సెవెన్ సిక్స్ టూ' అని ఒక్క అంకె చెబితే ఏ తూటానో తెలియదు. సిగ్-716 కాల్చేది 7.62×51. ఏకే-203 కాల్చేది 7.62×39. రెండో అంకె ఇత్తడి గొట్టం పొడవు, మిల్లీమీటర్లలో. ఒకదాని తూటా మరొకదానిలో పనిచేయదు. 7.62×51 దాదాపు తొమ్మిదిన్నర గ్రాముల బుల్లెట్‌ను సెకనుకు సుమారు 840 మీటర్ల వేగంతో పంపుతుంది. 7.62×39 ఎనిమిది గ్రాముల బుల్లెట్‌ను సుమారు 715 మీటర్ల వేగంతో పంపుతుంది. బ్యారెల్ వదిలేటప్పటి శక్తి మొదటిదానికి 3,300 జౌళ్ల దాకా, రెండోదానికి 2,000 జౌళ్ల దాకా ఉంటుంది. ఇన్సాస్ కాల్చే 5.56×45లో బుల్లెట్ బరువు నాలుగు గ్రాములే. కానీ వేగం సెకనుకు 900 మీటర్లు దాటుతుంది కాబట్టి శక్తి 1,700 జౌళ్లకు పైనే ఉంటుంది.

ఇంతకంటే దగ్గరి కవలలూ ఉన్నాయి. 1952లో అమెరికా వేటగాళ్ల మార్కెట్లోకి .308 వించెస్టర్ వచ్చింది. రెండేళ్ల తర్వాత నాటో దాదాపు అదే తూటాను 7.62×51గా స్వీకరించింది. అలాగే .223 రెమింగ్టన్, 5.56×45 పక్కపక్కన పెడితే మామూలు కంటికి తేడా తెలియదు. తేడా తుపాకీ గదిలో ఉంటుంది. సైనిక రైఫిల్‌లో బుల్లెట్‌కూ, బ్యారెల్ గాట్లు మొదలయ్యే చోటుకూ మధ్య ఖాళీ కాస్త ఎక్కువ. అందుకే 5.56 రైఫిల్‌లో .223 తూటా నిశ్చింతగా కాల్చవచ్చు. .223 కోసమే చేసిన రైఫిల్‌లో 5.56 కాలిస్తే లోపలి పీడనం హద్దు దాటవచ్చు.

ఈ కవలల తగాదాలో మన ఈషాపూర్ పేరు కూడా ఉంది. 1962 చైనా యుద్ధంలో మన జవాన్లు ఒక్కో గుండుకు బోల్టు లాగాల్సిన .303 రైఫిళ్లతో పోరాడారు. ఆ తర్వాత ఈషాపూర్ ఫ్యాక్టరీ పాత .303 రూపంలోనే, గట్టి ఉక్కుతో, 7.62×51 కాల్చే రైఫిళ్లు తయారుచేసింది. ఇక్కడ విరమించాక అవి పెద్దసంఖ్యలో అమెరికా చేరాయి. వాటిలో .308 కాల్చవచ్చా, కూడదా అని అక్కడి సేకరణకర్తలు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

వేటగాడి లెక్క

వేటగాడు ఏడాదిలో కాల్చే గుళ్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. సాధనతో కలిపినా ఒకటి రెండు పెట్టెలు దాటవు. కానీ కాల్చిన ఒక్క గుండు జంతువును అక్కడికక్కడే పడగొట్టాలి. గాయపడి అడవిలోకి పారిపోయి రెండు రోజులు యాతనపడి చచ్చే జింక వేటగాడికి సిగ్గుచేటు. చట్టాలు కూడా ఆ మాటే చెబుతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో అమలయ్యే 1991 జింకల చట్టం పెద్ద జాతి జింకలకు .240 అంగుళాల కంటే చిన్న బుల్లెట్‌ను, 1,700 ఫుట్-పౌండ్ల కంటే తక్కువ శక్తిని అనుమతించదు. అంటే సుమారు 2,300 జౌళ్లు. అమెరికాలోని వర్జీనియాలో జింకపై .23 కంటే చిన్న క్యాలిబర్ రైఫిల్ వాడకూడదు. ఈ లెక్కన 5.56 రెండు చోట్లా తప్పిపోతుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వినోదం కోసం వేట ముగిసిన కథ. తెలుగు రాష్ట్రాల్లో పంటను ధ్వంసం చేసే అడవిపందుల్ని చంపాలన్నా ప్రభుత్వ అనుమతి ఉండాలి. పౌరుడికి సైనిక క్యాలిబర్ రైఫిల్ దొరకదు. అందుకే .315 అనే ప్రత్యేక తూటా మన లైసెన్సు రైఫిళ్లలో బతికింది. అంటే ఇక్కడ వేటగాడు దాదాపు లేడు. అతడి ఆలోచన మాత్రం సైనిక చర్చల్లో బలంగా నిలిచింది. 'ఒక్క గుండు, ఒక్క శత్రువు' అన్న మాట మెస్సులోనూ మంత్రిత్వ శాఖలోనూ ఎన్నోసార్లు విన్నాను. వినడానికి బాగుంటుంది. ఆ ఒక్క గుండు తగలాలంటే దానికి ముందు ఎన్ని వందల గుళ్లు కాల్చి ఉండాలో ఆ మాట చెప్పదు.

సాధకుడి లెక్క

గురి పోటీల్లో దిగేవాడి లోకం వేరు. అతడు ఏడాదికి వేల గుళ్లు కాలుస్తాడు. అతడికి నాలుగు విషయాలు ముఖ్యం. తూటా ధర, భుజంపై తన్ను, బ్యారెల్ ఆయుష్షు, ఒక పెట్టెలోని తూటాకూ మరో పెట్టెలోని తూటాకూ తేడా లేకపోవడం.

అమెరికాలో ఇరవై ఏళ్లుగా సాగుతున్న ఒక పోలిక దీన్ని బాగా చూపుతుంది. దూర లక్ష్యాల పోటీల కోసం 2007లో 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా వచ్చింది. పొడవులో .308కి దగ్గరిదే. సన్నని, పొడవైన బుల్లెట్ కాబట్టి గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. తన్ను కూడా తక్కువ. కాగితం మీద చూస్తే .308ని ఎందుకు వాడాలో అర్థం కాదు. కానీ ఎక్కువ కాల్చేవాడికి మరో లెక్క ఎదురవుతుంది. క్రీడ్‌మూర్ బ్యారెల్ పోటీకి పనికొచ్చేది సుమారు రెండు మూడు వేల గుళ్ల దాకానే. .308 బ్యారెల్ ఐదు వేలు దాటినా గురి నిలబెడుతుంది. సన్నని రంధ్రం గుండా ఎక్కువ మందు మండితే బ్యారెల్ గొంతు త్వరగా అరుగుతుంది, అంతే. ఏడాదికి ఇరవై గుళ్లు కాల్చే వేటగాడికి ఈ తేడా అతడి జీవితకాలంలో కనిపించదు. నెలకు ఐదొందలు కాల్చేవాడికి ఆరు నెలల్లోనే బ్యారెల్ బిల్లు చేతికొస్తుంది. తూటాలు అవే. ఎవరు ఎంత కాలుస్తారన్నదాన్ని బట్టి సరైన ఎంపిక మారిపోయింది.

ఎన్‌సీసీలో చేరినవారందరికీ .22 రైఫిల్ గుర్తుండే ఉంటుంది. తన్ను ఉండదు, చప్పుడు తక్కువ, తూటా చౌక. చిన్న తూటా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన సైనికుడు విజయ్ కుమార్ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో రజతం గెలిచింది .22 తూటాతోనే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చిందీ దానితోనే. వేలసార్లు కాల్చగల తూటా కాబట్టే వారి చేతికి ఆ స్థిరత్వం వచ్చింది.

నేను అకాడమీలో చేరినప్పుడు చేతికిచ్చింది 7.62×51 కాల్చే ఎస్ఎల్ఆర్. మంచి రైఫిల్, గట్టిగా తన్నే రైఫిల్. తర్వాత కంపెనీ కమాండర్‌గా ఉన్నప్పుడు గురి తప్పే జవాన్లతో పాత ఉస్తాదుల పద్ధతి ఒకటి పాటించేవాళ్లం. జవానుకు తెలియకుండా మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య డమ్మీ తూటాలు కలిపి ఇస్తాం. డమ్మీ వచ్చినప్పుడు తుపాకీ పేలదు, కానీ జవాను భుజం ముందుకు పొడుచుకొస్తుంది, కళ్లు మూతపడతాయి. తన్నుతుందన్న భయం ట్రిగ్గర్ కంటే ముందే పనిచేస్తోందన్నమాట. దీనికి ఉపన్యాసాల మందు లేదు. మరిన్ని తూటాలు కాల్చడమే మందు. మేం అడిగిన ప్రతిసారీ ఆ మరిన్ని తూటాలు దొరికేవి కావు.

మనం నడిచిన దారి

ఎస్ఎల్ఆర్ తర్వాత 1990ల్లో 5.56 ఇన్సాస్ వచ్చింది. అది ఆలస్యమైన కాలంలో, కశ్మీర్ అవసరం ముంచుకొచ్చి, తూర్పు ఐరోపా నుంచి 7.62×39 ఏకేలు తెచ్చుకున్నాం. 1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ మ్యాగజైన్లు చలికి పగిలాయని, రైఫిల్ మొరాయించిందని ఫిర్యాదులు వచ్చాయి. అవి రైఫిల్ లోపాలు, తూటా లోపాలు కావు. కానీ చర్చలో రెండూ కలిసిపోయాయి. '5.56 గాయపరుస్తుందే తప్ప చంపదు' అన్న అభిప్రాయం స్థిరపడింది. ఆత్మాహుతికి సిద్ధమై వచ్చిన ఉగ్రవాదిని గాయపరిస్తే సరిపోదన్నది నిజమే. కానీ ఛాతీకి తగిలిన 5.56కూ, భుజం పక్కనుంచి పోయిన 7.62కూ మధ్య ఏది ప్రమాదకరమో చెప్పనక్కర్లేదు.

2011లో ఒకే రైఫిల్‌కు బ్యారెల్ మార్చి 5.56, 7.62×39 రెండూ కాల్చగల ఆయుధం కోసం టెండర్ పిలిచారు. 2015లో దాన్ని రద్దు చేశారు. తర్వాత 7.62×51 వైపు మళ్లాం. 2019లో 72,400, 2024లో మరో 73,000 సిగ్-716 రైఫిళ్లకు ఒప్పందాలు జరిగాయి. 2020లో ఇదే తూటా కాల్చే 16,479 ఇజ్రాయెల్ నెగెవ్ మెషిన్‌గన్‌లకు ఆర్డర్ ఇచ్చారు. అమేఠీ జిల్లా కోర్వాలో ఆరు లక్షలకు పైగా ఏకే-203లు తయారుచేయాలన్నది మరో ఒప్పందం. ఇవి 7.62×39. ఇక దగ్గరి పోరాటానికి 2025 డిసెంబరులో కొనుగోలు ఒప్పందం చేసుకున్న 4.25 లక్షల కార్బైన్లు 5.56. వెరసి పదాతి దళం చేతిలో మూడు రకాల తూటాలు. ఒక్కో కొనుగోలుకు ఒక్కో సమర్థన ఉంది. మూడూ కలిపి చూసినప్పుడు సమర్థన దొరకదు.

బరువు చూడండి. 5.56 తూటా సుమారు 12 గ్రాములు, 7.62×39 సుమారు 16, 7.62×51 సుమారు 24. జవాను 120 తూటాలు మోస్తే మొదటిది కిలో నాలుగొందల గ్రాములు, చివరిది రెండు కిలోల తొమ్మిదొందలు. పదిహేను వేల అడుగుల ఎత్తులో ఆ కిలోన్నర తేడా నీళ్ల సీసాతోనో, వెచ్చని బట్టతోనో పోటీ పడుతుంది. అమెరికా సైన్యం 2022లో మరింత శక్తిమంతమైన 6.8×51 తూటా ఎంచుకుంది. ఫలితంగా జవాను మోసే మామూలు కోటా 210 గుళ్ల నుంచి 140కి పడిపోయింది. పీడనం ఎంత ఎక్కువంటే, శిక్షణకు తక్కువ పీడనపు తూటా వేరుగా కావాల్సి వచ్చింది. అంత సంపన్న సైన్యానికే సాధన తూటా, యుద్ధ తూటా వేరుచేయక తప్పలేదు.

పొరుగువారినీ చూద్దాం. పాకిస్థాన్ సైన్యం జీ-3లో 7.62×51, చైనా తరహా ఏకేల్లో 7.62×39 వాడుతోంది. అంటే మన రెండు ప్రధాన తూటాలే. శక్తి లెక్కలో వారిపై మనకు ప్రత్యేకమైన ఆధిక్యమేమీ రాదు. చైనా దారి వేరు. తనదైన 5.8×42 తూటా తయారుచేసుకుంది. మొదట్లో రైఫిల్‌కు ఒక రకం, మెషిన్‌గన్‌కు బరువైన మరో రకం వాడింది. తర్వాత రెండింటికీ పనికొచ్చే ఒకే తూటాకు మారింది. మనం రకాలు పెంచుకుంటూ పోతున్న కాలంలో వాళ్లు తగ్గించుకున్నారు.

సాధనకు ఎంత కావాలి?

చిన్న గుణకారం చేద్దాం. ప్రతి రైఫిల్‌కు ఏడాదికి 500 తూటాలు సాధనకు కేటాయించామనుకుందాం. వారానికి పది కూడా కాదు కాబట్టి ఇది విలాసం అనలేం. 1.45 లక్షల సిగ్-716లకు ఏటా సుమారు 7.25 కోట్ల తూటాలు, ఆరు లక్షల ఏకే-203లకు 30 కోట్లు. బరువులో మొదటివి 1,700 టన్నులకు పైగా, రెండోవి 4,800 టన్నులు. వీటిని తయారుచేయాలి, రైళ్లలో, లారీల్లో, కంచర గాడిదలపై యూనిట్లకు చేర్చాలి. అరిగిన బ్యారెళ్లు మార్చాలి. రైఫిల్ ధర పతాక శీర్షిక అవుతుంది. ఈ లెక్క ఎక్కడా కనిపించదు. రైఫిల్ ఒకసారి కొంటాం, తూటా మాత్రం ముప్పై ఏళ్లు కొంటూనే ఉండాలి.

స్థలం సంగతి కూడా ఉంది. తూటా శక్తి పెరిగితే ఫైరింగ్ రేంజ్ వెనుక ఖాళీగా ఉంచాల్సిన ప్రమాద ప్రాంతమూ పెరుగుతుంది. ఒకప్పుడు ఊరికి దూరంగా ఉన్న రేంజ్‌ల చుట్టూ ఇప్పుడు కాలనీలు లేచాయి. సిగ్-716 చేతికిచ్చి 500 మీటర్ల రేంజ్ చూపించలేకపోతే, ఆ అదనపు దూరం కాగితానికే పరిమితం. ఏకే-203 ప్రభావవంతమైన దూరం 300 మీటర్లని రక్షణ శాఖే ప్రకటించింది. ఆ దూరంలో కచ్చితంగా కొట్టగల జవాను, 600 మీటర్ల రైఫిల్ పట్టుకుని 200 దగ్గరే తడబడే జవాను కంటే మేలు.

శిక్షణ మందుగుండులో కొరత ఉందని కాగ్ 2015 నివేదికలోనూ, 2017 నాటి తదుపరి నివేదికలోనూ చెప్పింది. ఆ కొరతలో పెద్ద ఆయుధాల మందుగుండూ ఉంది, నిజమే. కానీ నిల్వ తగ్గినప్పుడు మొదట కోతపడేది సాధనకే. యుద్ధ నిల్వ ముట్టుకోకూడదు, కాబట్టి రేంజ్‌కు ఇచ్చేది తగ్గించు. స్టోర్ లెడ్జర్‌లో అది సబబుగానే కనిపిస్తుంది. దాని ఫలితం లెడ్జర్‌లో కనిపించదు, నియంత్రణ రేఖ దగ్గర కనిపిస్తుంది.

ఇప్పుడేం చేయాలి?

కొన్న రైఫిళ్లు వెనక్కి ఇవ్వలేం, ఇవ్వనక్కర్లేదు కూడా. వాటిని సరిగ్గా పంచుకోవడం, పోషించడం మన చేతిలోనే ఉంది.

మొదటిది, ఇకపై ఏ రైఫిల్ కొనుగోలు ఫైలైనా రెండు లెక్కలతోనే ముందుకు కదలాలి. ఒకటి ఆయుధం ధర. రెండోది దాని ఆయుష్షంతా సాధనకు పట్టే తూటాలు, బ్యారెళ్ల ధర. రెండో కాగితం లేని ఫైల్‌ను ఆర్థిక విభాగం వెనక్కి పంపాలి.

రెండోది, తూటాలను పోరాట ప్రాంతాన్ని బట్టి పంచాలి. దూరదృష్టి దొరికే ఎత్తయిన కొండల్లో, నియంత్రణ రేఖ కాపలాలో 7.62×51కు అర్థముంది. అడవుల్లో, గ్రామాల్లో ఉగ్రవాదులతో తలపడే దళాలకు 7.62×39 చాలు. ఒకే సెక్షన్‌లోని పదిమంది జవాన్లు మూడు రకాల తూటాలు మోసే పరిస్థితి రానివ్వకూడదు. పక్కవాడి మ్యాగజైన్ తన రైఫిల్‌కు పట్టకపోతే కాల్పుల మధ్యలో అది ఇనుప డబ్బాయే.

మూడోది, శిక్షణ తూటాల పద్దును యుద్ధ నిల్వ నుంచి పూర్తిగా విడదీయాలి. ఒక్కో జవాను ఏడాదికి కాల్చాల్సిన కనీస సంఖ్య నిర్ణయించి, దాన్ని కమాండర్ వార్షిక తనిఖీలో భాగం చేయాలి. మిగిలిన తూటాలను చూపి మెచ్చుకోలు పొందే అలవాటు పోవాలి. .22 రైఫిళ్లు, సిమ్యులేటర్లు పునాదికి మంచివి. వాటిని అసలు తూటాకు బదులుగా లెక్కించకూడదు. సిమ్యులేటర్ తన్నదు, చెవులు గింగిరుమనిపించదు.

నాలుగోది, తూటా నాణ్యత. 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడదీశాక తూటాల తయారీ మ్యూనిషన్స్ ఇండియా చేతికి వచ్చింది. ప్రైవేటు కర్మాగారాలూ రంగంలోకి దిగాయి. పోటీ మంచిదే. అయితే ఎవరు తక్కువకు ఇస్తారన్నదొక్కటే కొలమానం కాకూడదు. ఒక లాట్‌కూ మరో లాట్‌కూ వేగంలో తేడా వస్తే, జవాను నిన్న సరిచేసుకున్న గురి ఇవాళ తప్పుతుంది. లోపం తూటాలో ఉంటే నింద అతడి చేతిపై పడుతుంది.

శక్తిమంతమైన తూటా వద్దని నేను చెప్పడం లేదు. దగ్గరి పోలికలున్న రెండు తూటాల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, కాగితం మీది పది శాతం తేడా కంటే రేంజ్‌లో పదింతల సాధన విలువైనదని మాత్రమే చెబుతున్నాను. వేటగాడు గురి తప్పితే జింక అడవిలోకి పారిపోతుంది. జవాను గురి తప్పితే ఎదుటివాడు తిరిగి కాలుస్తాడు. అలాంటి జవాను కోసం తూటా ఎంచే అధికారి ముందుగా అడగాల్సింది అది ఎంత గట్టిగా కొడుతుందని కాదు. అతడికి ఏటా ఎన్ని ఇవ్వగలమని.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)